గోడ పరీక్ష

"ఇల్లు కొనేముందు గోడలు చూసుకోరా. పక్కగదిలో మాట ఇవతలికి వినపడకూడదు" అన్నాడు బాబాయి.

ఫ్లాటు చూడ్డానికి వెళ్లి, మా ఆవిణ్ణి పడగ్గదిలోకి పంపి తలుపేశాను. "గట్టిగా ఏదో ఒకటి అను!"

దానికోసమే కాచుక్కూర్చున్నట్టు అందుకుంది. "తడి తువ్వాలు మంచమ్మీద పడేసే మనిషితో ఎలా వేగను? చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది!"

బయటికొచ్చి, "వినపడిందా?" అంది.

"ఒక్క ముక్క వినపడితే ఒట్టు."

తర్వాత నా వంతు. నేనూ తలుపేసుకుని అరిచాను. "కూరనిండా ఉప్పే! పెళ్లయినప్పట్నుంచీ మంచినీళ్లు తాగి బతుకుతున్నాను!"

"అబ్బే, ఏం వినపళ్లేదండీ" అంది.

అంత మంచి గోడలు మళ్లీ దొరకవని ఇల్లు కొనేశాం.

కొత్తింట్లో మొదటిరోజు స్నానం చేసి, తువ్వాలు బాల్కనీలో ఆరేసి, భోజనానికి కూర్చున్నాను.

కూరలో ఉప్పు సరిగ్గా సరిపోయింది.