గూడ్సు డ్రైవరు ఇల్లు

“మామా, పన్నెండుకే వొస్తదంటివి.”

“గూడ్సుకు గడియారముంటదా బిడ్డా? జర కూసో.”

బుగ్గమ్మ కూర్చోలేదు. పొద్దుటి నుంచి ఇదే పని. లేవడం, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని తాండూరు వైపు చూడటం, మళ్లీ కూలబడటం. రైలు ఎత్తెక్కే ఈ ఎక్కుడు దగ్గర చెట్టన్నది లేదు. గనుల్లోంచి తీసి పారేసిన పనికిరాని బండముక్కలు కనుచూపు మేర పరుచుకుని ఎండకు పెనంలా కాలుతున్నాయి. వాటి మధ్య నుంచి రెండు పట్టాలు బషీరాబాద్ వైపు ఎక్కుతాయి. తల్లి హన్మమ్మ రాళ్ల కుప్ప నీడలో ముడుచుకుని కూర్చుంది.

భీమయ్య రైల్వే గ్యాంగులో పనిచేస్తాడు. హన్మమ్మకు వరుసకు అన్న. ఈ సంబంధం తెచ్చింది అతనే.

“ఇల్లు సూడవోతే పెండ్లిపిల్లను ఎంట తోల్కవొచ్చినోళ్లను మిమ్ములనే సూస్తున్న,” అన్నాడు బీడీ ముట్టించుకుంటూ.

హన్మమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. బుగ్గమ్మ మాత్రం నవ్వలేదు.

“ఇల్లేడుంది సూడనీకి? నెలల ఇరవై దినాలు ఇంజను మీదనే ఉంటడంటివి. గందుకే ఇంజన్నే సూడనీకి వొచ్చినం.”

పెళ్లికొడుకు పేరు బీరన్న. నైజాం కాలంలో ఇంజన్లు తుడిచే పనికి చేరి, ఇప్పుడు గూడ్సు డ్రైవరయ్యాడు. భార్య పోయి ఆరేళ్లు. పిల్లలు లేరు. సాయంత్రంలోగా ఏదో ఒక మాట చెప్పాలి. లేకపోతే అతని అక్క చిత్తాపురం సంబంధం ఖాయం చేసేస్తుంది.

“నీకు మనసొప్పకుంటే ఒద్దు బిడ్డా,” హన్మమ్మ లేవబోయింది. “పోదాం పా. నలుగురు నవ్వుతరు.”

“తొలకరి పడితే ఒకరు అత్తింటికి పోతరు, మనింట్ల మిగిలేది ఒక్క మనిషి. గది యాదుందా?”

హన్మమ్మ మళ్లీ నీడలోకి జరిగింది.

జనం నవ్వుతారన్న ఫికర్ బుగ్గమ్మకు లేదు. ఆమె భయం వేరే. తండ్రి నర్సప్ప మంచివాడే, కానీ తొందర మనిషి. గనిలో పైబండ కదులుతోందని అందరూ బయటికి ఉరికితే, ఇంకొక్క దెబ్బ కొట్టి వస్తానని లోపలే ఉండిపోయాడు. అప్పుడామెకు పన్నెండేళ్లు. ఏడేళ్లుగా ఆ బండ ఆమె కలల్లో పడుతూనే ఉంది. ఇంకో తొందర మనిషి చేతికి ఈ ఇంటి ఆడదాని బతుకు పోకూడదు. బీరన్న ఎలాంటివాడో కళ్లారా తేల్చుకుందామనే ఈ ఎండలో కాపు కాసింది.

“అగో, పొగ,” అన్నాడు భీమయ్య.

నల్లటి పొగ ముందు, చప్పుడు తర్వాత. నలభై డబ్బాల నిండా బండలు. ఇంజను రొప్పుకుంటూ ఎక్కుడు మొదలుపెట్టింది. సగం దాకా వచ్చేసరికి అడుగు తీసి అడుగు వేయడమే కష్టమైంది. ఉన్నట్టుండి చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. నిప్పురవ్వలు లేచాయి, డబ్బాలు మాత్రం కదల్లేదు.

“జారుతున్నది,” భీమయ్య లేచి నిలబడ్డాడు. “ఇప్పుడు జోరు జేసిండనుకో, గొలుసు తెగుతది. తెగితే ఎనుక డబ్బాలన్ని తాండూరుకు ఉరుకుడే.”

బుగ్గమ్మ ఒక బండముక్క మీదికి ఎక్కి చూసింది.

చక్రాలు ఆగాయి. ఇంజను మీది నుంచి ఒక మనిషి దిగాడు. ఒళ్లంతా బొగ్గు. దోసిళ్లతో ఇసుక తీసుకుని, వంగి, చక్రాలు జారకుండా పట్టా మీద సన్నగా పోసుకుంటూ నడిచాడు. ఒక పట్టా అయ్యాక రెండోది. పైనుంచి బొగ్గు వేసే మనిషి ఏదో అరుస్తున్నా తల ఎత్తలేదు. పని ముగించి, చేతులు దులుపుకొని కట్ట మీద కూర్చున్నాడు.

“కూసున్నడేంది?”

“ఆవిరి నిండాలె గద. పిలుస్త ఉండు,” భీమయ్య తువ్వాల ఊపాడు.

బీరన్న వచ్చి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. జుట్టు సగం నెరిసింది. హన్మమ్మ ఒక్కసారి చూసి తల దించుకుంది. బుగ్గమ్మ సూటిగానే చూసింది.

“లేటయితే నీ పై సారు తిట్టడా?”

“తిడ్తడు. తిట్లు తిని ఇంటికి పోవొచ్చు.”

ఆ మాట బుగ్గమ్మకు గుండెలో తగిలింది. ఒక అడుగు ముందుకు వేసింది.

“ఇంటికి ఎన్నడెన్నడొస్తవు?”

“ఫలానా దినమంటే అబద్ధమైతది. రెండు దినాలకొస్త, నాలుగు దినాలకొస్త. రాకుండ మాత్రం ఉండ.”

“మేం గొర్లు కాసి బతికెటోళ్లం. వాటిని అమ్మమంటవా?”

“గొర్లను అమ్మి నా తొవ్వ సూస్కుంట కూసోవాల్నా ఏంది? ఉండనీ. సెలవున్ననాడు నేనే తోల్కపోత.”

హన్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇంజను మీది నుంచి కేక వినిపించింది. ఆవిరి నిండింది.

బీరన్న పోయి మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. అలాగే ఆగి చూస్తున్నాడు.

“ఏమంటవు బిడ్డా? మీ ఇంట్ల నీ మాటే మాట,” అన్నాడు భీమయ్య మెల్లగా.

బుగ్గమ్మ కాలే రాళ్ల మీద గబగబా నడిచి ఇంజను దాకా వెళ్లింది. తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది. బీరన్న ఇంకా ఆగే ఉన్నాడు.

“మా అమ్మను నీకిస్తున్న.”