సోమవారం తిట్లు

మొదటి ఆటలోనే బెల్‌ఫోర్డ్ కాలేజీ ఓడింది. గెలుపు గీత రెండడుగుల దూరంలో ఉండగా, సరిగ్గా ఆఖరి నిమిషంలో, టెరెల్ చేతిలోంచి బంతి సబ్బుబిళ్ళలా జారిపోయింది.

టెరెల్‌కి పంతొమ్మిదేళ్ళు. జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్. ఆ సాయంత్రం నుంచి ఊరందరికీ పగవాడు.

అలబామాలో ఆ ఊరు ఏమంత పెద్దది కాదు. ఆదివారం దేవుడికి, శనివారం ఫుట్‌బాల్‌కి, అదే, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆటకి, రాసిచ్చేశారు. రెండిట్లో ఏది గొప్పదని పాస్టరుగారిని ఎవరూ అడగరు. అడిగితే ఆయన ఇరుకున పడతాడు. ఆ ఆదివారం ప్రార్థన అలా ముగిసిందో లేదో, పెద్దమనుషులు టెరెల్ మీద పడ్డారు. వాడి హాస్టల్ కిటికీ మీద గుడ్లు పగిలాయి. కొందరు వాళ్ళమ్మ నంబరు సంపాదించి మరీ తిట్టారు.

టెరెల్ బట్టలు సర్దుకుని, కొత్త హెడ్ కోచ్ వెండెల్ స్ట్రౌడ్ గదికి వచ్చాడు.

"ఇంటికెళ్ళిపోతాను కోచ్. అమ్మ ఒకటే ఏడుపు."

వెండెల్ నెమ్మది మనిషి. మాట బయటికి రావాలంటే లోపల పెద్ద పంచాయితీ జరగాలి.

"రెండ్రోజులు ఆగు. అప్పటికీ వెళ్ళాలనిపిస్తే నేనే దిగబెడతాను," అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఊరంతా రేడియో పెట్టుకుంటుంది. హోయ్ట్ అనే ఆయన కార్యక్రమం. ఎవరైనా ఫోన్ చేసి జట్టుని తనివితీరా తిట్టుకోవచ్చు. ఆ వేళ ఓ వణుకు గొంతు వచ్చింది.

"హోయ్ట్ నాయనా, నేను ఓపల్ మామ్మని. ఎనభై దాటినదాన్ని, తెలీక అడుగుతున్నా. ఆ పిల్లాణ్ణి ఎందుకయ్యా ఆడిపోసుకుంటారు? అంతమంది మీద పడుతుంటే అందులోకే దూరమని చెప్పిన ఆ కోచ్ మహానుభావుణ్ణి అడగరేం? మా ఆయన్ని సమాధిలోంచి లేపి అడిగినా, పక్కనుంచి పరిగెత్తమనే చెప్పేవాడు."

హోయ్ట్ బల్ల చరిచి నవ్వాడు. ఊరూ నవ్వింది.

తర్వాతి సోమవారం మళ్ళీ ఫోన్. "మీ కోచ్ మొహం చూశావా నాయనా? ఇల్లు తగలబడుతుంటే, ఈ ఇల్లు ఎవరిదండీ అని అడిగే మొహం."

ఇంకేముంది. మంగలిషాపులో అదే మాట. పెట్రోలు బంకులో అదే మాట. మామ్మ అన్నవి చొక్కాల మీద అచ్చేసుకుని ఆటకి వచ్చారు. ఊళ్ళో సగం మంది ఆవిడకి చుట్టాలైపోయారు. "మా అమ్మకి వరసకి అక్క," అని ఒకడు, "చిన్నప్పుడు నాకు పీకన్ పప్పుల మిఠాయి చేసి తినిపించింది," అని ఇంకొకడు. కాలేజీవాళ్ళు ఆవిణ్ణి ముఖ్య అతిథిగా రమ్మన్నారు. మోకాళ్ళ నొప్పులంది మామ్మ. "గెలిచే జట్టయితే పాకైనా వద్దును. ఈ కోచ్ కోసం మెట్లెక్కడం దేనికి?"

టెరెల్ సంగతి ఎవరికీ గుర్తు లేదు. వాడు సంచీ విప్పి బట్టలు మళ్ళీ అరలో పెట్టుకున్నాడు.

వెండెల్ ఇంటి ముందు పచ్చికలో రాత్రికి రాత్రి 'ఇల్లు అమ్మబడును' అని బోర్డులు మొలిచాయి. హోటల్లో ఆయనకి మాడిన రొట్టె పెట్టి, "ఇది ఎవరిదండీ?" అని అడిగింది వడ్డించే పిల్ల. ఆయన వెన్న రాసుకుని తిన్నాడు. కిరాణా దుకాణంలో ఆయన భార్య నోరీన్ ఎదురుగానే ఒకడు మామ్మ గొంతు పెట్టి వెక్కిరించాడు. ఆవిడ తల వంచుకుని వెళ్ళిపోయింది.

"నోరీన్‌కి నోరు లేదు పాపం," అన్నారు ఆడవాళ్ళు, జాలిగా నవ్వుకుంటూ.

తనని ఎవరూ పట్టించుకోకపోవడంతో టెరెల్‌కి భయం పోయింది. భయం పోయాక చెయ్యి తిరిగింది. అక్టోబరులో జట్టు గెలవడం మొదలెట్టింది. ఆఖరి ఆటలో పొరుగూరి కాలేజీని మట్టి కరిపించింది. గుడ్లు విసిరిన చేతులే టెరెల్‌ని భుజాల మీదికెత్తుకున్నాయి.

"పిల్లాడు బంగారం. ఈ కోచ్ లేకపోతే మొదట్నుంచీ గెలిచేవాళ్ళం," అన్నారు.

వెండెల్ ఒక్కడే నడుచుకుంటూ బస్సెక్కాడు.

కాలేజీ అధ్యక్షుడు పిలిపించాడు. "గెలిచావు, కాదన్ను. కానీ వెండెల్, ఊరంతా నిన్ను చూసి నవ్వుతోంది. ఓపల్ మామ్మ అంతటావిడ అన్నాక..."

"ఆవిణ్ణి మీరెప్పుడైనా చూశారా?"

"చూసేదేముంది? ఆవిడ ఈ ఊరి అంతరాత్మ."

ఉద్యోగం ఊడింది. సామాను ఎక్కిస్తుంటే టెరెల్ పరిగెత్తుకొచ్చాడు.

"ఇది అన్యాయం కోచ్. నేను రేడియోకి ఫోన్ చేసి చెబుతాను. ఆ ముసలిదానికి గడ్డి పెడతాను."

వెండెల్ భార్య వైపు చూశాడు. ఆవిడ దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకుంది.

"నువ్వు బంతి గట్టిగా పట్టుకో. అంతే చాలు," అన్నాడు వెండెల్.

కారు ఊరు దాటేసరికి సోమవారం కార్యక్రమం మొదలైంది. హోయ్ట్ గొంతులో దిగులు.

"పీడ వదిలింది సరే. మామ్మా, వింటున్నావా? ఓసారి ఫోన్ చెయ్యి. వచ్చే ఏడు ఎవర్ని తిట్టుకోమంటావు?"

వెండెల్ కారు రోడ్డు పక్కకి ఆపి, రేడియో తగ్గించి, ఫోన్ అందించగానే నోరీన్ గొంతు వణికించుకుని, "హోయ్ట్ నాయనా, ఓపల్ మామ్మని, వచ్చే కోచ్‌నైనా తిట్టుకోండి గానీ ఆ పిల్లాడి జోలికి మాత్రం పోకండి," అంది.