టీ గోదాములో మల్లె వాసన

"చెయ్యి చాపు," అన్నాడు వాచ్‌మన్.

పూలబుట్ట అని అందరూ పిలిచే మనిషి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "ఎందుకులే బాబాయ్. అక్కడిదాకా వస్తూనే ఉందిగా."

వస్తూనే ఉంది. మల్లె. మామూలుగా కాదు, గుప్పుమని. వెనక వరసలో నిలబడ్డ మూటలవాళ్ళు ముసిముసిగా నవ్వారు.

"మొన్న గులాబీ, నిన్న సంపెంగ, ఇవాళ మల్లె. రేపు జడ కూడా వేసుకొస్తావా పూలబుట్టా?" అన్నాడొకడు.

"కుళ్ళురా నీకు. నీ దగ్గర చెమట తప్ప ఏముంది?" అన్నాడు పూలబుట్ట. ఇంతేసి మీసాలున్న నలభయ్యేళ్ళ మనిషి. సిగ్గన్నది లేదు.

టీ ఆకు తన పక్కనున్న ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది. అందుకే ఆ గోదాములో పౌడరు, తలనూనె, వాసన సబ్బు, ఏదీ పనికిరాదు. ఒంటి మీద వాసనతో వచ్చినవాడికి అదే ఆఖరి రోజు. ఆ నిబంధన పెట్టింది ముక్కు మాస్టారు. ఏ ఆకులో ఏ ఆకు ఎంత కలపాలో వాసన చూసి తేల్చేది ఆయనే. గేటు దగ్గర అందరి చేతులూ వాసన చూసి పంపడం వాచ్‌మన్ పని.

మూడేళ్ళ కిందట అక్కడే పనిచేసే వాచ్‌మన్ కొడుకు గడ్డం గీసుకుని లోషను రాసుకొచ్చాడు. మాస్టారి గది గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, "ఎవడ్రా అది? బయటికి నడు!" అని కేకేశాడు మాస్టారు. వాచ్‌మన్ భార్య పోయి అప్పటికి నెల కూడా కాలేదు. కాళ్ళావేళ్ళా పడ్డాడు. మాస్టారు కరగలేదు. వాచ్‌మన్ మరిచిపోలేదు. మరిచిపోయే అలవాటు అతనికి లేదు.

ఈ పూలబుట్ట మాస్టారి సొంత మేనల్లుడు. వానాకాలంలో మాస్టారు జ్వరంతో నెల్లాళ్ళు మంచం పట్టి లేచాక, సాయానికని వచ్చి చేరాడు. చేరిన దగ్గర్నుంచీ ఇదే తంతు. పొద్దున్నే అత్తరు పూసుకొస్తాడు. తిన్నగా మామ గదికి పోయి పది నిమిషాలు ఆయన పక్కనే నిలబడతాడు. తరవాత కుళాయి దగ్గర మోచేతుల దాకా శనగపిండితో తోముకుని, చొక్కా మార్చుకుని పనిలోకి దిగుతాడు. వాచ్‌మన్ రెండుసార్లు ఆపితే, "మావాణ్ణి ఆపుతావేంటి? పంపించు!" అని మాస్టారే లోపల్నించి అరిచాడు.

'ఊరందరి దగ్గరా లేచే ముక్కు, మేనల్లుడి దగ్గరికొచ్చేసరికి మూసుకుపోతుంది' అని వాచ్‌మన్ పళ్ళు నూరుకునేవాడు.

"ఇవాళ యజమాని వస్తున్నాడు," అన్నాడిప్పుడు. "ఈ ఏడు ఏ ఆకులు కలపాలో ఖాయం చేసేది ఇవాళే. ఈ కంపుతో లోపలికి పోతావా?"

"ఇవాళొక్కరోజు వదిలెయ్ బాబాయ్. రేపట్నించి పూసుకోను. ఒట్టు."

"నా కొడుక్కి ఒక్కరోజు ఇచ్చాడా మీ మామ?"

పూలబుట్ట తల దించుకున్నాడు. "లేదు."

"అయితే పద. నేనే నిలబెడతా ఆయన ముందు. నువ్వు ఉండాలో నేను ఉండాలో ఇవాళ తేలిపోవాలి."

"పద. రోజూ నేను పోయేదీ అక్కడికేగా."

గదిలో బల్ల మీద తెల్లటి కప్పులు బారుగా ఉన్నాయి. స్టవ్వు మీద మాడిన పాల మరక ఇంకా అలాగే ఉంది. మొన్న పాలు పొంగి మాడి గోదామంతా కంపు కొట్టినా, పక్కనే ఉన్న మాస్టారు కాగితాల్లోంచి తలెత్తలేదు. పనిలో పడితే లోకం తెలియదు ఆయనకి అనుకున్నారు అందరూ.

మాస్టారి ముందు ఒక కవరుంది. దాని మీద 'యజమాని గారికి' అని రాసి ఉంది. ఎవరో ముందే ఫిర్యాదు చేసుంటారు, మేనల్లుణ్ణి తీసేస్తున్నట్టు రాశాడు కాబోలు అనుకున్నాడు వాచ్‌మన్. మనసుకి హాయిగా అనిపించింది.

"ఏంటి?" అన్నాడు మాస్టారు.

"వీణ్ణి దగ్గరికి పిలిచి చూడండి. మీకే తెలుస్తుంది." ఏ వాసనో వాచ్‌మన్ చెప్పలేదు. చెప్పాల్సింది ఆ ముక్కు.

పూలబుట్ట మొహంలో నెత్తురు చుక్క లేదు. మెల్లగా వెళ్ళి బల్ల మీద చెయ్యి పెట్టాడు.

మాస్టారు ఏదో అనబోయి ఆగాడు. ముక్కుపుటాలు కదిలాయి. లేచి నిలబడ్డాడు. మేనల్లుడి మణికట్టు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వదిలేశాడు. మళ్ళీ పట్టుకున్నాడు.

"మల్లె," అన్నాడు. "మల్లేరా ఇది."

అంతలోనే బల్ల మీద చరిచాడు. "టీ గదిలోకి మల్లె పూసుకొస్తావా? బయటికి నడు!"

ఈ మాట కోసం వాచ్‌మన్ మూడేళ్ళు కాచుకున్నాడు. తీరా వినబడితే, మాస్టారి కళ్ళలో నీళ్ళున్నాయి. సొంత రక్తం కదా, కడుపు తరుక్కుపోతుంది మరి, అనుకున్నాడు. మాస్టారు కవరు తీసి నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశాడు. మొదటి కప్పు అందుకున్నాడు.

"ఏమయ్యా, గదిలో నాకో మనిషి కావాలి. మీవాడు ఖాళీగా ఉన్నాడా?" అన్నాడు తల తిప్పకుండా. "లోషను లేకుండా రమ్మను."

"అడిగి చూస్తాను," అన్నాడు వాచ్‌మన్ పొడిగా.

బయట కుళాయి గట్టు మీద పూలబుట్ట కూలబడి ఉన్నాడు. నవ్వుతున్నాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మతిపోయిందా? ఉద్యోగం ఊడితే నవ్వుతావేంట్రా?"

"పోతే పోనీ బాబాయ్. ఇంక ఆ గదిలో నాతో పనేముంది?" పూలబుట్ట మణికట్టు ఎత్తి తనూ ఒకసారి వాసన చూసుకున్నాడు.

"జ్వరం నుంచి లేచాక మావయ్యకి తెలిసిన మొదటి వాసన ఇదే."