పాత బేరింగు

మెకానిక్ పెరటి షెడ్డులో తుక్కు డబ్బా బోర్లించి, ఒక్కో ముక్కా పిచ్చిపట్టినట్టు తిరగేస్తున్నాడు. ఏరి తెచ్చి బాగుచేసుకున్న పాతకాలపు వాషింగ్ మెషిన్లు చుట్టూ తళతళలాడుతున్నాయి.

"ఎవరు బాబూ మీరు? నన్ను మా ఇంట్లో దింపేయండి," గదిలోంచి అమ్మ ఏడుస్తోంది.

"ఇదే మన ఇల్లమ్మా! నేను నీ కొడుకుని!"

"కాదు బాబూ. మీకు పుణ్యముంటుంది, దింపేయండి."

ఇంట్లో వాడే మెషిన్‌ని అతను బాగుచేసిన రోజే ఈ ఏడుపు మొదలైంది. తన చిన్నప్పటి నుంచీ గడగడలాడిన మెషిన్ ఇప్పుడు చప్పుడు లేకుండా తిరుగుతోంది. తన పనితనానికి తనే మురిసిపోయాడు కూడా.

చివరికి దొరికింది, తను పీకి పారేసిన అరిగిన బేరింగు. ఇంట్లోకి పరుగెత్తి, చెమటలు కక్కుతూ మెషిన్‌లోని కొత్తదాన్ని ఊడదీసి, మళ్లీ దాన్నే బిగించాడు. స్విచ్ వేశాడు. ఇల్లంతా గడగడమంది.

ఏడుపు ఆగింది.

"ఒరేయ్ చిన్నోడా! స్కూలు చొక్కా అందులో వేశావా, లేదా?"

"వేస్తున్నానమ్మా," అంటూ ఒంటిమీది గ్రీజు చొక్కా విప్పి అందులో వేశాడు.

మెషిన్ లోపల ఆ బేరింగు డ్రమ్మును తిప్పే షాఫ్టును కొరికేస్తోంది. మెషిన్ ఇంకెన్నాళ్లో పనిచేయదని అతనికి తెలుసు.

ఆపడానికి చెయ్యి రాలేదు.