అడ్డం వచ్చినవాడు

హౌరా లోకల్ లేడీస్ పెట్టెలో ఎవరో పరిచిపెట్టుకున్న చేతిరుమాలు మీద చిట్టెమ్మ కూర్చుంది.

ఖరగ్‌పూర్ స్టేషన్లో రుమాలు ఎవరిదైతే సీటు వాళ్ళది. రైల్వే రూల్స్ ఎవరైనా తప్పుతారేమో గాని, ఈ రూలు ఎవరూ తప్పరు.

"దీదీ, ఉఠియే" అని లేవమంటూ నలుగురు ఆడవాళ్ళు మీదికొచ్చారు.

రుమాలు తాలూకు మనిషి మాత్రం కోప్పడలేదు.

"ఉండనీండి పిన్నీ. మోకాళ్ళ నొప్పుల్లాగున్నాయి. కూకోండి."

తెలుగు వినపడేసరికి చిట్టెమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"ఎందాకా ఎల్తున్నావమ్మా?"

"హైకోర్టుకి."

"నానూ అక్కడికే. నీ పేరేటి?"

"ఎస్తేరమ్మ."

"ఏటి కేసు?"

"స్థలం తగువు. స్థలం మాది కాదు గానీ..."

"మాదీ స్థలం తగువే" అని చిట్టెమ్మ అందుకుంది.

చిట్టెమ్మకి బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి. నోరొక్కటే ఆరోగ్యంగా ఉంది. మెచేదా స్టేషన్ దాటేలోగా కేసంతా చెప్పేసింది.

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో ఇంటి వెనక రెండు కాఠాల జాగా, అంటే మూడు సెంట్ల చిల్లర. పక్కింటి సుబ్బరాజు అది తనదని గోడ మొదలుపెట్టించాడు. చిట్టెమ్మ కొడుకు సాయికుమార్ గునపం పట్టుకుని పునాది పెకలించడానికి వెళ్ళాడు. సుబ్బరాజు, అతని బావమరిది మీదికొచ్చారు. గొడవైంది.

పోయింది సుబ్బరాజూ కాదు, సాయికుమారూ కాదు. నింపురా నుంచి కూలికొచ్చిన తాపీ మేస్త్రీ. గునపం దెబ్బ తలకి తగిలి, రెండోరోజు ఆసుపత్రిలో పోయాడు.

సాయికుమార్‌కి యావజ్జీవం పడింది. మేదినీపూర్ జైల్లో ఇది నాలుగో ఏడు. కింది కోర్టు వాయిదాలకి తిరిగిన చిట్టెమ్మ మొగుడు, తీర్పు వచ్చిన నెలకే కన్నుమూశాడు. అప్పీలు వచ్చి చిట్టెమ్మ మోకాళ్ళ మీద పడింది.

"ఆ మేస్త్రీ ఎందుకు అడ్డమొచ్చినాడో నాకు తెలీదమ్మా" అంది. "కూలికొచ్చినోడు గోడ కట్టుకోవాల గానీ, ఒకల గొడవలోకి ఏటికి దూరడం? ఆడు పక్కకి తప్పుకునుంటే నా కొడుకు ఇంట్లో ఉండును."

ఎస్తేరమ్మ తన ఝాల్‌ముడి మరమరాల పొట్లంలోంచి సగం చిట్టెమ్మ చేతిలో పోసింది.

"అవును పిన్నీ. పక్కకి తప్పుకునుంటే బావుండును."

తరవాత రెండు వాయిదాలకీ ఇదే వరస. ఎస్తేరమ్మ సీటు ఆపేది. హైకోర్టు మెట్ల దగ్గర చెయ్యి పట్టుకునేది. సాయంత్రమయ్యేది, కేసు వంతు వచ్చేది కాదు, ఇద్దరూ తిరుగు బండి ఎక్కేవారు.

ఇద్దరికీ ఎప్పుడూ ఒకే రోజు వాయిదా ఎలా పడుతోందని చిట్టెమ్మ ఆలోచించలేదు. దేవుడు తోడు పంపాడనుకుంది.

నాలుగో వాయిదా రోజు రైల్లో గొంతు తగ్గించింది.

"అప్పీలు తేలేదాకా పిల్లడిని బెయిలు మీద వదలమని అడుగుతున్నాం. ఇయాళ కాదన్నారంటే ఇంక ఆడిని ఇంట్లో నా కళ్ళతో సూడను. మేస్త్రీ పెళ్ళానికి కూడా కబురెట్టినారంట. ఆవిడ మాట ఇనకుండా వదలరంట."

"ఆవిడేటి సెప్తాదో మరి."

"ఏటి సెప్తాది, ఏడుస్తాది. బతికున్నన్నాళ్ళూ మొగుడ్ని ఏపాటి సూసుకున్నాదో గానీ, పోయినాక మాత్రం ఇలాటోలు బాగా ఏడుస్తారు."

ఎస్తేరమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. సంత్రాగాఛీ స్టేషన్ వచ్చేదాకా ఇటు తిరగలేదు. చిట్టెమ్మ మాట్లాడుతూనే ఉంది కాబట్టి ఆ తేడా తెలియలేదు.

కోర్టులో లాయరు త్రివిక్రమ్ చిట్టెమ్మని బయట వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాడు. క్రితంసారి ఆవిడ వేరే కేసు మధ్యలో లేచి జడ్జీలకి "దండాలు బాబూ" అని గట్టిగా చెప్పింది మరి.

"ఇక్కడే ఉండండి పిన్నీ, మాది పిలుస్తారు" అని ఎస్తేరమ్మ లోపలికెళ్ళింది.

అరగంటకి త్రివిక్రమ్ బయటికొచ్చాడు.

"అమ్మా, బెయిలు ఇచ్చారు. వారంలోగా సాయి ఇంటికొస్తాడు."

చిట్టెమ్మ కోర్టు తలుపు వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"మేస్త్రీ పెళ్ళాం వద్దనలేదా బాబూ?"

"ఆవిడ మాట వల్లే వచ్చింది. కింది కోర్టులో ఆవిడని సాక్ష్యానికి ఎవరూ పిలవలేదు. సర్కారు లాయరూ అడగలేదు, మనమూ అడగలేదు. ఇవాళ జడ్జీగారు అడిగారు."

"ఏదీ ఆ తల్లి? కాళ్ళట్టుకుంటాను."

"వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. అదేంటమ్మా, ప్రతి వాయిదాకీ మీతో కలిసొచ్చే ఎస్తేరమ్మగారే కదా."

చిట్టెమ్మ కోర్టు గుమ్మం వైపు తిరిగి చూసింది.

నాలుగు ప్రయాణాల్లో తను అన్న మాటలన్నీ వరసగా చెవుల్లో పడ్డాయి. వాటిలో 'నీ సంగతేటమ్మా' అని మొదటి రోజు తరవాత అడిగిన మాట ఒక్కటీ లేదు.

"ఏటి సెప్పింది బాబూ?" అంది చివరికి, తల దించుకుని.

"ఆసుపత్రిలో మొగుడు తనతో అన్న మాట చెప్పింది. ఆయన రెండు అరచేతులకీ లోతుగా కోసుకున్న గాట్లున్నాయని పోస్టుమార్టం కాగితంలో మొదట్నుంచీ ఉంది. ఎందుకున్నాయని అడగాలని ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు."

"నాకు అర్థం కాలేదు."

త్రివిక్రమ్ వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"సుబ్బరాజు బావమరిది వెనకనుంచి సాయి తల మీదికి పార ఎత్తాడమ్మా. అలికిడికి సాయి ఎవరో చూడకుండానే గునపం వెనక్కి తిప్పి కొట్టాడు. అప్పటికి సాయి మీద దెబ్బ పడకుండా ఆ పారని రెండు చేతులా పట్టుకుని ఆపుతున్నవాడు మేస్త్రీ."