జ్వరాల్లేని లంక

గోడ మీద తెరలో జిల్లా పటం వెలుగుతోంది. ఊరికో చుక్క. జ్వరాలు ఎక్కువుంటే ఎరుపు, తక్కువుంటే పసుపు, అసలు లేకపోతే పచ్చ. వానలు మొదలైన దగ్గర్నుంచి కోనసీమంతా తట్టు పోసినట్టు ఎర్రబడిపోయింది.

గోదావరి నీలం మధ్యలో ఒక్క చుక్క మాత్రం పచ్చగా ఉంది.

"అదేం ఊరు?" అన్నారు విజయకుమార్. అంటువ్యాధుల మీద కన్నేసి ఉంచడం ఆయన ఉద్యోగం. బదిలీ మీద అమలాపురం వచ్చి నాలుగు నెలలైంది.

"చినతాటిలంక అండి," అన్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్న నాగేంద్రబాబు. "ఏడాది పొడుగునా ఒక్క జ్వరం లేదండి. విరేచనాల్లేవు, కామెర్లు లేవు."

"దొంగ లెక్కేమో. ఆ ఊరి నర్సుకి ఫోన్ కలపండి."

నర్సు సువర్ణ అప్పుడు ఏటిగట్టు మీద రేకుల షెడ్ల దగ్గరుంది. అక్కడుండే దుర్గమ్మ మనవరాలు రమ్యశ్రీకి తొమ్మిది రోజులుగా జ్వరం. పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూనే ఫోనెత్తింది.

"ఈ వారం లంకలో జ్వరాలెన్నమ్మా?"

"లేవండి."

"నిజం చెప్పండి. నేనేమీ అనను."

"నిజమేనండి. ఒక్కటి కూడా లేదండి."

"దోమలో?"

"నిలవ నీరుంటే కదండీ దోమలు. అక్కడంతా పారే నీరేనండి."

"ఆరుబయట బహిర్భూమికి వెళ్ళేవాళ్ళు?"

"అక్కడెవరూ వెళ్ళరండి."

విజయకుమార్ కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "నీళ్ళలో క్లోరిన్ ఎంత కలుపుతున్నారు?"

"ఆ ఊరికి క్లోరిన్ పంపి రెండేళ్ళయిందండి. అసలు ఆ ఊరు..."

"క్లోరిన్ లేకుండానే," అన్నారాయన నాగేంద్రబాబు వైపు తిరిగి. "రాసుకోండి."

సువర్ణ గొంతు కొంచెం పెంచింది. "సార్, ఇక్కడ గట్టు మీద షెడ్లలో పదకొండు జ్వరాలున్నాయండి. టైఫాయిడ్‌లా ఉంది. నీళ్ళు పరీక్ష చేయించాలండి. క్లోరిన్ బిళ్ళలు కావాలండి."

"గట్టు మీదా? పటంలో అక్కడ చుక్కే లేదే."

"షెడ్లకి ఊరి కోడ్ లేదండి. పోనీ అని లంక కోడ్ మీద రాస్తే, రోగి ఎక్కడుంటే అక్కడే రాయాలని సూపర్‌వైజరు గారు కొట్టేసేరండి."

"సరిగ్గానే కొట్టేశారు. రొయ్యల చెరువుల మీద పనికొచ్చిన కూలీల జ్వరాలు తెచ్చి అంత మంచి ఊరి నెత్తిన రుద్దుతారా?"

"కూలీలు కాదండి, వాళ్ళు..."

"ముందు లంక పేరు చెడకుండా చూడండమ్మా." ఫోన్ పెట్టేశారు.

ఆ సాయంత్రమే సువర్ణ పిల్లని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అనుకున్నట్టే టైఫాయిడ్. వారానికి పిల్ల లేచి కూర్చుంది. అదే జ్వరంతో ఉన్న దుర్గమ్మ మొగుడు చిట్టిబాబు మాత్రం ఎంత చెప్పినా కదల్లేదు. "ఈ మాత్రం జ్వరాలు మాకు కొత్తా నర్సమ్మా," అన్నాడు. జ్వరం పట్టిన పన్నెండో రోజున పోయాడు.

సువర్ణ ఆ చావుని నమోదు చేద్దామని ఫోన్ తెరిచింది. ఊరి పేరు ఎంచుకోమంది ఫోను. ఉన్న పేర్లన్నీ కిందిదాకా జరిపి చూసింది. మళ్ళీ పైకి జరిపింది. ఆఖరికి తెర ఆర్పేసి, తెల్లకాగితం మీద అర్జీ రాసి పంపింది.

ఈలోపు విజయకుమార్ పద్దెనిమిది పేజీల నివేదిక రాశారు. పేరు 'చినతాటిలంక నమూనా'. ఊరిని ఒకసారి కళ్ళారా చూడాలని ఆయనకి నిజంగానే ఉంది. గోదారి పోటు మీదుందనీ పడవలు కట్టేసేరనీ చెబితే ఆగిపోయారు. పటం దగ్గరికి వెళ్ళి ఆ పచ్చ చుక్కనే ఫొటో తీయించి అట్ట మీద వేయించారు. మిగతా ఊళ్ళ నర్సులందరికీ గురువారం గురువారం ఆ నమూనా మీద పాఠం పెట్టారు. లంక వాళ్ళలా బతకడం ఎప్పుడు నేర్చుకుంటారని ఎర్ర చుక్కల వాళ్ళని మెత్తగా చీవాట్లు పెట్టారు.

సువర్ణ పెట్టిన అర్జీకి జవాబు రాలేదు. సన్మానం ఉత్తరం మాత్రం నాలుగు రోజుల్లో వచ్చింది.

"నేను వెళ్ళను," అంది షెడ్డు ముందు కూర్చుని.

దుర్గమ్మ ఉత్తరం అందుకుని అటూ ఇటూ తిప్పింది. ఆమెకి చదువు రాదు. "మాట్లాడమంటారామ్మా అక్కడ?"

"ఆయ్. ఒక్క నిమిషం మైకిస్తారంట."

"అయితే ఎళ్ళండి. ఫోన్లో అయితే మద్దిలో ఆపేసేరు. మైకు పట్టుకున్నోళ్ళని ఎవరూ ఆపరండి."

అమలాపురంలో కల్యాణ మండపం నిండిపోయింది. ముందు వరసల్లో పెద్దలు, వెనక నర్సులు. సువర్ణకి శాలువా కప్పారు. చేతిలో కొబ్బరిచెట్టు బొమ్మ పెట్టారు. ఫొటోకి నవ్వమన్నారు. ఆమెకి నవ్వు రాలేదు. వినయం అనుకున్నారు.

విజయకుమార్ మైకు దగ్గరికొచ్చారు. ఆయన గొంతులో నిజమైన సంతోషముంది.

"ప్రభుత్వాలూ డాక్టర్లూ చెయ్యలేని పని ఈ నర్సమ్మ చేసి చూపించింది. ఈ ఏడాది చినతాటిలంకలో ఒక్క మనిషి మంచం పట్టలేదు. ఒక్క చావు లేదు. అమ్మా, ఆ రహస్యమేమిటో ఒక్క ముక్కలో చెప్పండి. అందరం నేర్చుకుంటాం."

సువర్ణ మైకు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఎవరూ ఆమెని మధ్యలో ఆపలేదు.

"రెండేళ్ళ కిందటి వరదకి ఆ లంక గోదాట్లో కలిసిపోయిందండి, ఆ ఊరోళ్ళంతా అప్పట్నుంచీ గట్టు మీద రేకుల షెడ్లలోనే ఉంటున్నారండి."