ఆనవాలు

“నాను రగతం ఇవ్వను” అంది నీలవేణి. రెండు చేతులూ కొంగు కింద దాచేసుకుంది.

నర్సు విసుగ్గా సిరంజి ట్రేలో పడేసింది. శవాల గది ముందు వరండాలో జనం తలా ఒక మాట అంటున్నారు. అంతలో ఆటో దిగి ఝాన్సీలక్ష్మి గబగబా వచ్చింది. విజయనగరంలో లా ప్రొఫెసరు. కబురు వినగానే పాఠం మధ్యలో వదిలేసి శ్రీకాకుళం బస్సెక్కింది.

సొంత అక్క కనబడ్డట్టు, ఆమెను చూడగానే నీలవేణి నేలమీద కూలబడిపోయింది.

“అప్పా! గుంటడు మాడి మసైపోనాడప్పా!”

సముద్రం వైపున్న మందుల ఫ్యాక్టరీలో రియాక్టరు పేలింది. ముగ్గురు కాంట్రాక్టు కూలీలు కాలిపోయారు. వాళ్ళలో ఒకడు నీలవేణి కొడుకు గిరిబాబు. మిగతా ఇద్దరిదీ ఏ ఊరో కాంట్రాక్టరుకే సరిగ్గా తెలియదు. ఒడిశా వైపు వాళ్ళంటున్నాడు. ఎవరు ఎవరో చెప్పడానికి మొహాలు లేవు, వేళ్ళు లేవు.

తహసీల్దారు తిరుమలరావు కుర్చీ తెప్పించాడు. అతను ఝాన్సీలక్ష్మి దగ్గర లా చదివి, తర్వాత పరీక్ష రాసి ఉద్యోగంలోకి వచ్చినవాడు.

“డీఎన్‌ఏ పరీక్షకి తల్లి రక్తం కాస్త ఇస్తే చాలు మేడమ్. శవం అప్పగించేస్తాం. ఈవిడేమో సూది చూస్తేనే అల్లరి చేస్తోంది.”

“అతని దువ్వెనో, బ్రష్షో దొరికితే సరిపోతుంది కదా?”

“అతను ఉంటున్నది కంపెనీ షెడ్డులోనే మేడమ్. అదీ కాలిపోయింది.”

“తల్లి గుర్తుపడితే చాలదా?”

నీలవేణి లేచి నిలబడింది. “ఆ నడిమోడే మావోడు! నాకు తెల్దేటి? నా రొమ్ముపాలు తాగినోడికి నాను అమ్మనని సూది సెప్పాలా?”

తిరుమలరావు తల దించుకుని, మెల్లగా అన్నాడు. “నిన్న ఆ చివరోడే తనవాడంది మేడమ్. అనుమానానికి తావుండకూడదని మాకు చెప్పింది మీరే.”

ఝాన్సీలక్ష్మి లోపలికి వెళ్ళి చూసింది. తెల్లగుడ్డ కింద మూడు మూటలు. ముగ్గురిదీ ఒకే పొడుగు. ఒక్కొక్కరి దగ్గరా ఆగింది. ఏ మూటా ఆమెకు ఏమీ చెప్పలేదు. బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడింది.

ఒకప్పుడయితే ఇలా నిలబడేది కాదు. శ్రీకాకుళంలో కోమటి కొట్టు నడిపే ఇంట పుట్టి, కాలేజీ మానేసి, అన్నల దళంలో కలిసి కొండెక్కిన మనిషి. ఇలాంటి ఆఫీసర్ని నాలుగూళ్ళ జనంతో చుట్టుముట్టించి, దిగొచ్చేదాకా కదలనిచ్చేది కాదు. ఆ రోజుల్లోనే, ఒక వానాకాలమంతా ఆమెను గజపతినగరం దగ్గర తమ ఇంట్లో, ధాన్యం గాదె వెనక దాచింది నీలవేణి, ఆమె మొగుడు అప్పలసూరి. పోలీసులు అప్పలసూరిని చావగొట్టినా నోరు విప్పలేదు.

తర్వాత ఝాన్సీలక్ష్మి దొరికిపోయింది. జైల్లోనే లా చదివింది. విడుదలయ్యాక ఒక్కసారి ఆ ఇంటికి వెళ్ళింది. నీలవేణి చిన్న గిరిబాబుని వెనక దాచుకుని, గుమ్మంలోనే అడ్డం నిలబడి, చేతులు పట్టుకుని ఏడ్చింది. “ఇంక రాకప్పా, నీకు దణ్ణం.” పోలీసులు వెనకెనకే తిరుగుతున్న రోజులవి. ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అప్పలసూరి పోయినప్పుడు కూడా శ్మశానం దాకా వచ్చి, దూరం నుంచే వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఝాన్సీలక్ష్మి ఫోన్లు చేస్తూనే ఉంది. కలెక్టరాఫీసులో తెలిసినవాళ్ళకి, హైకోర్టులో ప్రాక్టీసు చేస్తున్న పాత విద్యార్థులకి. అందరూ మర్యాదగానే మాట్లాడారు. “పాపం మేడమ్” అన్నారు. “ఒక్క పరీక్షతో పోయేదానికి పిటిషనెందుకు మేడమ్?” అన్నారు. చట్టంలో ఉన్న ప్రతి తలుపూ తట్టింది. అన్ని తలుపుల వెనకా ఆ సూదే ఉంది.

పొద్దు వాలుతుండగా తిరుమలరావు మళ్ళీ వచ్చాడు.

“ఇంక ఉంచలేమంటున్నారు మేడమ్. ఎవరూ రక్తం ఇవ్వకపోతే రేపు మున్సిపాలిటీ వాళ్ళు ముగ్గుర్నీ తీసుకుపోతారు. అనాథ శవాల కింద.”

అనాథ అన్న మాటకి ఇద్దరు ఆడవాళ్ళూ ఒక్కసారే తలెత్తారు.

అతను వెళ్ళాక ఝాన్సీలక్ష్మి కుర్చీ దిగి, నీలవేణి పక్కన నేలమీద కూర్చుంది.

“నీ సట్టంలో ఇంకో దారి నేదేటప్పా?”

“లేదు.”

“ఊరోలందరికీ తెలిసిపోద్ది గదా...”

“తెలుస్తుంది.”

“ఇన్నాళ్ళూ ఆడే నా పేనం. సచ్చిపోనాక నా సేతుల్లోంచి లాక్కుంటే నానేటవ్వాల?”

ఝాన్సీలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. “కొరివి పెట్టేది మీవాళ్ళే. నీ ఇంటి ముందు నుంచే లేస్తాడు, నీ కొడుకుగానే. అది నేను చూస్తాను. నువ్వు వద్దంటే మాత్రం ఇప్పుడే లేచి వెళ్ళిపోతాను. నీ ఇష్టం.”

నీలవేణి శవాల గది తలుపుకేసి చూసింది. లోపల ఎవరో బల్ల జరిపిన చప్పుడు. కొంగు నోట్లో కుక్కుకుంది. తల ఊపింది.

“ఆడు దిక్కులేనోడు కాకూడదు. తీసుకోమను.”

ఝాన్సీలక్ష్మి నర్సుకి సైగ చేసింది. నర్సు కొత్త సిరంజి విప్పి, కుర్చీ దీపం కిందికి జరిపి కేకేసింది.

“గిరిబాబు తల్లి ఎవరమ్మా? ఇలా వచ్చి కూర్చోండి.”

నీలవేణి మోకాళ్ళలో మొహం దాచుకుని అక్కడే ఉండిపోయింది. ఝాన్సీలక్ష్మి లేచి వెళ్ళి, ఆ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.